ఒక్క రొమ్ము చాలు

రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం చేయించుకుని కోలుకున్న ఆమెకి కొన్నేళ్ల తర్వాత బిడ్డ పుడితే, పురిటి మంచం చుట్టూ నాలుగు ప్రశ్నలు తిరుగుతాయి. ఆపరేషన్ అయిన మనిషికి పాలు పడతాయా? పడితే అవి బిడ్డకి మంచివేనా? పాలతో పాటు ఆ జబ్బు కూడా బిడ్డకి వెళ్తుందా? పాలిస్తే జబ్బు తిరగబెడుతుందా? మొదటి మూడూ అత్తగారో, చూడవచ్చిన చుట్టాలో పైకే అడిగేస్తారు. నాలుగోది మాత్రం తల్లి తన లోపలే దాచుకుంటుంది.

ఈ ప్రశ్నలు మన దగ్గర అరుదైనవేమీ కావు. మన దేశంలో ఆడవాళ్లకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే. పైగా అమెరికా, ఐరోపా దేశాలతో పోలిస్తే ఇక్కడ అది దాదాపు పదేళ్లు ముందుగా కనిపిస్తోంది. అంటే పెళ్లయిన కొత్తలో, మొదటి కాన్పుకీ రెండో కాన్పుకీ మధ్యలో జబ్బు బయటపడేవాళ్లు అక్కడికంటే ఇక్కడ ఎక్కువ. వైద్యం మెరుగుపడి వాళ్లలో చాలామంది కోలుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు.

మూడో ప్రశ్నకి జవాబు ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు: వెళ్లదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. రొమ్ము పాలు తాగడం వల్ల బిడ్డకి క్యాన్సర్ సోకదు. బీఆర్‌సీఏ అనే జన్యువులో లోపం ఉన్న కుటుంబాల్లో ఆ లోపం పిల్లలకి రావచ్చు, సగానికి సగం అవకాశం ఉంది. కానీ అది బిడ్డ కడుపున పడ్డ క్షణంలోనే తేలిపోతుంది. ఆ తర్వాత తాగింది తల్లిపాలా, డబ్బా పాలా అన్నదానితో దానికి నిమిత్తం లేదు.

మిగిలిన మూడింటికి జవాబు దొరకాలంటే ముందు పాలు ఎలా తయారవుతాయో చూడాలి.

పాలు పడటం, చేపు రావడం

రొమ్ములో కొవ్వు మధ్య, పీచు కణజాలం మధ్య కంటికి ఆనని పాలతిత్తులు గుంపులు గుంపులుగా ఉంటాయి. తిత్తి గోడలోని కణాలు నెత్తురులోంచి నీరు, చక్కెర, కొవ్వు, మాంసకృత్తుల ముడిసరుకు తీసుకుని పాలు తయారుచేసి తిత్తి లోపలికి వదులుతాయి. ప్రతి తిత్తినీ చుట్టుకుని సన్నని కండర కణాలుంటాయి. అవి బిగుసుకుంటే పాలు నాళాల్లోకి వస్తాయి. నాళాలు ఒకదానితో ఒకటి కలుస్తూ వచ్చి చనుమొన దగ్గర సగటున తొమ్మిది రంధ్రాలుగా తెరుచుకుంటాయి.

గర్భం నిలిచిన దగ్గర్నుంచీ ఈ తిత్తులు పెరుగుతాయి. అయితే మాయ కడుపులో ఉన్నంతకాలం ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పాల తయారీని అదుపులో ఉంచుతుంది. కాన్పులో మాయ పడిపోగానే ఆ అదుపు సడలుతుంది. ముందు కొద్దికొద్దిగా ముర్రుపాలు వస్తాయి. రెండు మూడు రోజులకి రొమ్ములు బరువెక్కి పాలు పడతాయి. దీనికి బిడ్డ నోరు పెట్టాల్సిన పని కూడా లేదు. కాబట్టి వైద్యం జరిగిన రొమ్ముకి కూడా ఈ కబురు అందుతుంది. అందులో తిత్తులు మిగిలి ఉంటే అవీ పని మొదలుపెడతాయి.

ఆ తర్వాతి సంగతి బిడ్డ చేతిలో, అంటే నోటిలో ఉంటుంది. బిడ్డ చనుమొన పట్టుకోగానే పక్కటెముకల నడుమ నుంచి వచ్చే ఒక నరం ఆ కబురు మెదడుకి చేరవేస్తుంది. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి రెండు హార్మోన్లు వదులుతుంది. ప్రొలాక్టిన్ పాలు తయారుచేయిస్తుంది. ఆక్సిటోసిన్ తిత్తుల చుట్టూ ఉన్న కండరాల్ని బిగించి చేపు తెస్తుంది. బిడ్డను దగ్గరగా గమనిస్తే ఇది తెలుస్తుంది. మొదట గబగబా, పైపైన చీకుతాడు. ఒక నిమిషం గడిచేసరికి వేగం తగ్గిపోయి దవడ కిందికంటా కదులుతుంది, గుటక వినపడుతుంది. అదే సమయంలో రెండో రొమ్ము నుంచి పాలు కారి రవిక తడుస్తుంది. హార్మోన్ నెత్తురులో కలిసి వెళ్తుంది కనుక రెండు వైపులా చేపు వస్తుంది. చికిత్స జరిగిన వైపు నరం తెగిపోయినా, రెండో వైపు బిడ్డ తాగితే చాలు, మెదడుకి కబురు అందుతుంది.

ఏ చెలమ ఊట దానిదే

అన్నీ హార్మోన్లే నడిపిస్తే రెండు రొమ్ముల్లోనూ పాలు సమానంగా ఉండాలి. అలా ఉండవు. చాలామంది తల్లులకి ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ. ఒక పక్కే పట్టించి రెండో పక్క మానేస్తే, మానేసిన వైపు కొద్ది రోజుల్లో ఎండిపోతుంది, పట్టించే వైపు పాలు పెరుగుతాయి. రెండింటికీ నెత్తురులో అందే హార్మోన్ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది?

ఎండాకాలం ఏటి ఇసుకలో పక్కపక్కనే తవ్విన రెండు చెలమల్ని తలుచుకోండి. ఇసుక కింద నీటి పొర రెండింటికీ ఒకటే. అయినా తోడుతున్న చెలమలోకే నీరు వస్తూ ఉంటుంది. తోడనిది అంచుదాకా నిండి ఆగిపోతుంది. రొమ్ము కూడా అంతే. తిత్తి నిండుగా ఉంటే అందులోని పాలే కణాలకి ఇక చాలని చెబుతాయి. ఖాళీ అయితే తయారీ వేగం పెరుగుతుంది. హార్మోన్లు అడుగున నీటిని సిద్ధంగా ఉంచుతాయి, ఎంత ఊరాలన్నది ఏ రొమ్ముకి ఆ రొమ్మే తేల్చుకుంటుంది.

దీనికి హాంకాంగ్‌లో ఒక పెద్ద సాక్ష్యం ఉంది. అక్కడ పడవల మీదే కాపురముండే టాంకా జాలరి స్త్రీలు తరతరాలుగా బిడ్డలకి కుడి రొమ్ము మాత్రమే ఇచ్చేవారు. వాళ్లు తొడుక్కునే చొక్కా కుడివైపు తెరుచుకునేలా ఉండటమే కారణం. ఒక్క రొమ్ముతోనే పిల్లల్ని పెంచారు. రాయ్ ఇంగ్, హో, పెట్రాకిస్ అనే పరిశోధకులు 1977లో లాన్సెట్ పత్రికలో ఈ స్త్రీల గురించి రాస్తూ ఇంకో విషయం కూడా బయటపెట్టారు. వయసు మళ్లాక వాళ్లలో రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లని చూస్తే, బిడ్డలు ఎన్నడూ తాగని ఎడమ రొమ్ములోనే అది ఎక్కువగా కనిపించింది. పాలివ్వడానికీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం మనం భయపడే దిశలో లేదని చెప్పిన తొలి ఆధారాల్లో ఇదొకటి.

అంకెల్లో చూసినా ఒక్క రొమ్ము తక్కువేమీ కాదు. తల్లిపాలు తప్ప మరేదీ తాగని బిడ్డ నెల నుంచి ఆరు నెలల దాకా సగటున రోజుకి 750 నుంచి 800 మిల్లీలీటర్లు తాగుతాడు. కవలల తల్లుల్లో రోజుకి రెండు లీటర్ల దాకా పాలు రావడం పరిశోధకులు కొలిచి చూశారు. అంటే ఒక్కో బిడ్డకి ఒక్కో రొమ్ము అన్నమాట. ఒకే బిడ్డ, ఒకే రొమ్ము అయితే లెక్క అదే. తేడా ఒక్కటే: ఒక విడతకి నిల్వ ఉండే పాలు తక్కువ కావచ్చు కనుక బిడ్డ కొంచెం తరచుగా అడుగుతాడు.

వైద్యం ఏం మిగిల్చింది?

క్యాన్సర్ వైద్యంలో కత్తి, కిరణం, మందు అని మూడు పద్ధతులున్నాయి. పాల మీద మూడింటి ప్రభావం మూడు రకాలు.

మన దగ్గర చాలామందికి రొమ్ము మొత్తం తీసేస్తారు. అలా తీసినప్పుడు తిత్తులూ నాళాలూ పోతాయి కనుక ఆ వైపు పాలు రావు. తర్వాత సిలికాన్ సంచి పెట్టి గానీ, పొట్ట దగ్గరి కండ తెచ్చి అతికించి గానీ రొమ్ము ఆకారం తిరిగి కట్టినా, అది ఆకారం మాత్రమే. చనుమొనను అలాగే ఉంచి చేసే ఆపరేషన్లలో కూడా దాని వెనక గ్రంథి ఉండదు. గడ్డ మేరకే తీసి రొమ్మును నిలిపితే, గడ్డ ఎక్కడుందన్నది ముఖ్యం. అంచున ఉంటే పాలకి పెద్దగా నష్టం ఉండదు. చనుమొన వెనకే ఉంటే నాళాలన్నీ అక్కడికే వచ్చి కలుస్తాయి కనుక కోత వాటిని తెంచేస్తుంది. తిత్తులున్నా పాలకి దారి ఉండదు.

రొమ్ము నిలిపినవాళ్లకి ఆ తర్వాత సాధారణంగా రేడియేషన్ ఇస్తారు. ఊళ్లలో కరెంటు పెట్టారని చెప్పుకునేది ఇదే. ఆ మాట వినగానే పాలలో కరెంటో విషమో మిగిలి ఉంటుందన్న భయం పట్టుకుంటుంది. బయటి యంత్రం నుంచి వచ్చే కిరణాలు శరీరంలోంచి వెళ్లిపోతాయి. యంత్రం ఆపాక లోపల ఏమీ మిగలదు. నెలలు, ఏళ్లు గడిచాక పాలలో ఉండే ప్రశ్నే లేదు. నష్టం అంతా గ్రంథికే. తిత్తులు కుంచించుకుపోతాయి, వాటి చోట పీచు కణజాలం గట్టిపడుతుంది. చెలమ అడుగున ఇసుక పోయి బంకమన్ను చేరినట్టు, తోడినా ఊట మెల్లగా వస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు ఒక రొమ్ము పెరిగి ఇంకోటి అలాగే ఉండిపోవడం ఇందువల్లే. రేడియేషన్ తీసుకున్నవాళ్లలో సుమారు సగం మందికి ఆ రొమ్ములో కొంతైనా పాలు వస్తాయి, కానీ పరిమాణం తక్కువ. తయారీ మందగించిన రొమ్ము పాలలో సోడియం పెరిగి కాస్త ఉప్పగా ఉండవచ్చు, దాంతో బిడ్డ మొహం తిప్పేసుకోవచ్చు. చనుమొన సాగే గుణం తగ్గి నోటికి సరిగా అందకపోవచ్చు కూడా. వస్తే ఆ పాలు పట్టించడంలో తప్పులేదు. రాకపోతే పిండి, లాగి తెప్పించాలని చూడకూడదు. ఆ చర్మం పగిలి చీము పడితే మానడం కష్టం.

మూడోది మందు. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. కీమో ఎక్కించే రోజుల్లో పాలివ్వకూడదు. చాలా కీమో మందులు పాలలోకి వస్తాయి. ఎదిగే కణాల్ని చంపడమే వాటి పని, పసిబిడ్డ శరీరమంతా ఎదిగే కణాలే. అయితే ఏళ్ల కిందట ముగిసిన కీమో తాలూకు మందు ఇప్పటి పాలలో ఉండదు. గర్భంతో ఉండగానే కీమో తీసుకోవాల్సి వచ్చినవాళ్లకి మాత్రం పాలు తక్కువగా పడటం తరచుగా కనిపిస్తుంది, ఎందుకంటే తిత్తులు పెరగాల్సిన నెలల్లోనే మందు ఎక్కింది.

క్యాన్సర్ కణాలకి ఈస్ట్రోజెన్ ఆసరా ఉందని తేలితే టమాక్సిఫెన్ మాత్ర ఐదు నుంచి పదేళ్లు వేసుకోమంటారు. మాత్ర ఆపేశాక కూడా దాని అవశేషాలు శరీరంలోంచి పోవడానికి వారాలు పడుతుంది. మాత్ర వేసుకుంటూ పాలివ్వకూడదు, మందు పాలలోకి వస్తుంది. పైగా అది పాలను తగ్గిస్తుంది కూడా. పాలు ఆపించడానికి పనికొస్తుందా అని 1970ల్లో దాన్ని బాలింతల మీద పరీక్షించారు. హెర్‌టూ రకం క్యాన్సర్‌కి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ ఇంకా మెల్లగా పోతుంది. ఆఖరి మోతాదు తర్వాత ఏడు నెలలదాకా దాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఆ మందు కాగితమే చెబుతుంది.

తిరగబెడుతుందా?

ఇప్పుడు నాలుగో ప్రశ్న. గర్భంలో, బాలింతతనంలో హార్మోన్లు పెరుగుతాయి కదా, హార్మోన్‌తో పెరిగే జబ్బు మళ్లీ లేవదా అన్న అనుమానం వైద్యులకీ ఉండేది. చాలాకాలం ఈ స్త్రీలకి పిల్లలు వద్దనీ, కన్నా పాలివ్వవద్దనీ ముందుజాగ్రత్తగా చెప్పేవారు. ఆధారం లేని జాగ్రత్త అది.

ఆధారం కోసం వెతికిన పెద్ద ప్రయత్నం పాజిటివ్ అనే పరిశోధన. బోస్టన్‌లోని డేనా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకి చెందిన యాన్ పార్ట్రిడ్జ్ దీనికి నాయకత్వం వహించారు. 20 దేశాల్లో, 42 ఏళ్లు దాటని 518 మంది స్త్రీలు ఇందులో చేరారు. అందరికీ హార్మోన్ ఆసరా ఉన్న క్యాన్సరే. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు మాత్రలు వేసుకున్నాక, పిల్లల కోసం రెండేళ్ల దాకా మాత్ర ఆపారు. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. 317 మంది తల్లులయ్యారు, 365 మంది పిల్లలు పుట్టారు. మూడేళ్లలో జబ్బు తిరగబెట్టినవాళ్లు నూటికి 8.9. ఇలా మాత్ర ఆపని, అలాంటి జబ్బే ఉన్న స్త్రీల పాత లెక్కల్లో అది 9.2.

ఆ 317 మంది తల్లుల్లో పాలిచ్చిందెవరు, ఇవ్వనిదెవరు అని మిలాన్‌కి చెందిన ఫెడ్రో పెకాటోరి బృందం వేరుగా లెక్క తీసింది. 2024 సెప్టెంబరులో బార్సిలోనాలో జరిగిన ఐరోపా క్యాన్సర్ వైద్యుల మహాసభలో దాన్ని చెప్పారు. 196 మంది, అంటే నూటికి 62 మంది పాలిచ్చారు. సగం మంది నాలుగు నెలలకి పైగా ఇచ్చారు. కాన్పు జరిగిన రెండేళ్లలో జబ్బు తిరగబెట్టినవాళ్లు పాలిచ్చినవాళ్లలో నూటికి 3.6, ఇవ్వనివాళ్లలో 3.1. ఇంత చిన్న తేడా కాకతాళీయంగానూ రావచ్చు.

బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవాళ్లకి భయం ఇంకొంచెం ఎక్కువ. అదే సభలో ఇటలీకే చెందిన ఎవా బ్లాండో వాళ్ల గురించి చెప్పారు. చిన్న వయసులో క్యాన్సర్ వచ్చి, తర్వాత బిడ్డని కన్న 474 మందిలో సగానికి దగ్గరగా రెండు రొమ్ములూ తీయించుకున్నవారే, వాళ్లకి పాలిచ్చే వీలే లేదు. పాలిచ్చిన 110 మందికీ, వీలుండీ ఇవ్వని 68 మందికీ మధ్య జబ్బు తిరగబెట్టడంలో తేడా కనిపించలేదు.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. హార్మోన్ రకం క్యాన్సర్ పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టగలదు. కాబట్టి మూడేళ్ల లెక్క, రెండేళ్ల లెక్క ఆఖరి మాట కాలేవు. ఆ స్త్రీలను ఇంకా గమనిస్తున్నారు. ఇప్పటిదాకా తేలినంతలో పాలిచ్చినందువల్ల కీడు జరిగిన జాడ లేదు. ఎన్నడూ జబ్బు రాని స్త్రీల సంగతైతే మేలే కనిపించింది. 30 దేశాల్లోని 47 అధ్యయనాలను కలిపి 2002లో లాన్సెట్‌లో వేసిన లెక్క ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు నూటికి 4.3 వంతు చొప్పున తగ్గుతుంది.

మాత్రా, పాలా?

ఇంతవరకూ చూస్తే పాలివ్వడంలో ప్రమాదం కనపడలేదు. చిక్కు వేరే చోట ఉంది. పిల్లల కోసం ఆపిన టమాక్సిఫెన్ మళ్లీ మొదలుపెట్టాలి. మొదలుపెట్టిన రోజున పాలు మానిపించాలి. పాలు ఇంకో నెల, ఇంకో నెల అనుకుంటూ పోతే మాత్ర లేని కాలం పెరుగుతుంది. తల్లికి రక్షణ ఆ మాత్రలోనే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వమంటుంది. ఆ మాట అందరు తల్లులకీ. ఈ తల్లి విషయంలో దాన్ని ఆమె జబ్బు స్థాయితో కలిపి చదవాలి. ముప్పు తక్కువగా ఉంటే కొన్ని నెలలు పాలిచ్చి తర్వాత మాత్ర మొదలుపెట్టవచ్చు. ముప్పు ఎక్కువైతే ముర్రుపాలు, మొదటి కొద్ది వారాల పాలు ఇచ్చి ఆపేయమనవచ్చు, అసలు ఇవ్వద్దనీ అనవచ్చు. ఇది క్యాన్సర్ వైద్యుడు, కాన్పు చేసే డాక్టరు, పిల్లల డాక్టరు కలిసి, తల్లిని కూర్చోబెట్టుకుని తేల్చాల్సిన విషయం. ఆమె తరఫున ఇంట్లో పెద్దవాళ్లు తేల్చకూడదు. హార్మోన్ ఆసరా లేని రకం క్యాన్సర్ వచ్చి, వైద్యం పూర్తయినవాళ్లకి ఈ మాత్రల చిక్కు లేదు.

ఇంటికి వచ్చాక

ఒక్క రొమ్ము పాలు బిడ్డకి చాలుతున్నాయో లేదో తెలుసుకోవడానికి రొమ్ము వైపు చూడక్కర్లేదు, బిడ్డని చూస్తే చాలు. ఐదో రోజు దాటాక రోజుకి ఆరు సార్లకి తగ్గకుండా ఉచ్చ పోయాలి. పుట్టినప్పటి బరువు రెండు వారాల్లోపు తిరిగి రావాలి. ఈ రెండూ ఉంటే పాలు చాలినట్టే. లేకపోతే పిల్లల డాక్టరుకి చూపించి, అవసరమైన మేరకు పోత పాలు కలపవచ్చు. సగం తల్లిపాలు, సగం డబ్బా పాలు పట్టించడం ఓటమి ఏమీ కాదు. తాగిన మేరకి తల్లిపాల మేలు బిడ్డకి అందుతూనే ఉంటుంది.

వైద్యం జరిగిన రొమ్ములో పాలకి దారి మూసుకుపోయి తిత్తులు మిగిలి ఉంటే, మూడో రోజున అది రాయిలా గట్టిపడి సలుపుతుంది. చల్లని గుడ్డ వేసి, పిండకుండా వదిలేస్తే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఇలాంటప్పుడు దక్షిణాదిలో మల్లెపూలు కట్టడం పాత అలవాటు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ఈ అలవాటును పరీక్షకి పెట్టి 1988లో ఫలితాలు అచ్చువేశారు. రొమ్ముల మీద మల్లె దండలు అతికించిన బాలింతల్లో పాలు తగ్గడం, పాలు ఆపే బ్రోమోక్రిప్టిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గినంతే ఉంది. వాళ్ల నెత్తురులో ప్రొలాక్టిన్ కూడా తగ్గింది. ప్రొలాక్టిన్ తగ్గిందంటే ఆ ప్రభావం రెండు రొమ్ముల మీదా ఉండవచ్చు. కాబట్టి ఒక వైపు పాలివ్వాలనుకునే తల్లి రెండో వైపు మల్లెలు కట్టుకోకపోవడమే మంచిది.

పాలిచ్చే రోజుల్లో రొమ్ములో కొత్త గడ్డ తగిలితే పాలు గడ్డకట్టాయనుకుని ఊరుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఒకసారి క్యాన్సర్ వచ్చిన మనిషి అలా ఊరుకోకూడదు. పట్టించినా, కాపడం పెట్టినా వారంలో కరగని గడ్డని డాక్టరుకి చూపించాలి. అల్ట్రాసౌండ్, మామోగ్రామ్ రెండూ పాలిచ్చేటప్పుడు చేయించుకోవచ్చు. వాటివల్ల పాలు చెడవు. పరీక్షకి ముందు బిడ్డకి పట్టించి రొమ్ము ఖాళీ చేస్తే చిత్రం స్పష్టంగా వస్తుంది.

రెండు రొమ్ములూ తీయించుకున్నవాళ్లు, వెంటనే మాత్ర మొదలుపెట్టాల్సినవాళ్లు డబ్బా పాలతోనే బిడ్డని పెంచుతారు. శుభ్రమైన నీళ్లు, సరైన కొలత ఉంటే బిడ్డ చక్కగా పెరుగుతాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే తల్లిపాల బ్యాంకును అడగవచ్చు. ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో 1989లో ఇలాంటి బ్యాంకు ఆసియాలో మొదటిసారి మొదలైంది. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పేరుతో ఒకటి ఉంది. ఇతర తల్లులు దానమిచ్చిన పాలను 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, చల్లార్చి, ముందుగా బరువు తక్కువ పిల్లలకి ఇస్తారు.

బిడ్డని కనాలని నిర్ణయించుకునే ముందే క్యాన్సర్ డాక్టరు దగ్గర ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాయించుకోవాలి: ఏ వైపు ఏం తీశారు, రేడియేషన్ ఏ వైపు ఇచ్చారు, ఏ మందు ఆఖరి మోతాదు ఏ తేదీన పడింది, కాన్పయ్యాక మాత్ర ఎన్ని నెలలకి మళ్లీ మొదలుపెట్టాలి. నాలుగో సంగతి చాలా చీటీల్లో ఉండదు, అడిగి రాయించుకోవాలి. ఆ కాగితం నకలు ఒకటి కాన్పు చేసే డాక్టరుకీ, ఇంకోటి పిల్లల డాక్టరుకీ ముందుగానే ఇస్తే, ఎన్నాళ్లు పాలివ్వాలో బిడ్డ పుట్టకముందే తేలిపోతుంది.